పలకల లారీ ఇంజను ఆపించిన సంగతి

మార్కాపురం, బుధవారం

నాయనా, పలకల ఫ్యాక్టరీలో నన్ను పనిలోంచి తీసేశారని రమణయ్య బావ చెప్పింది అబద్ధం. ఫోన్లో అయితే నన్ను మాట్లాడనివ్వవు, అందుకే కార్డు.

లారీకి పలకలు ఎక్కించడానికి రెండు గంటలు పడుతుంది. అంతసేపూ డ్రైవరు తిరపతయ్య మామ ఇంజను ఆపడు. "ఇట్లాంటి పొగలతోనే ఎండలు ముదిరి మా బోర్లు ఎండుతున్నాయి, ఆపు మామా" అన్నాను. "ఆపితే మళ్ళా స్టార్టు కాదు. పొగ తగ్గించాలని ఊరంతా పంచుతావే, ఆ కరపత్రాలొచ్చి బండిని తోస్తాయా ఏంది?" అన్నాడు. కోపం ఆగక తాళం లాగేశాను. నిజంగానే బండి స్టార్టు కాలేదు! ఓనరు విశ్వనాథం గారు వస్తుంటే నా పని పోయిందనే అనుకున్నాను. ఆయన మామ వైపు తిరిగి, "బ్యాటరీ పోయిందని చెప్పకుండా ఇన్నాళ్ళు డీజిలు తగలబెట్టినావా?" అన్నాడు. సాయంత్రానికి కొత్త బ్యాటరీ వచ్చింది. అడగకుండా తాళం లాగడం తప్పేనని మామకు చెప్పుకున్నాను. ఇప్పుడు గేటు దగ్గర పెద్ద పలక మీద "లోడయ్యేదాకా ఇంజను ఆపాలి" అని నా చేతిరాతే ఉంది. నిన్న కొత్త డ్రైవరొకడు ఆపకపోతే మామే అరిచాడు: "ఆపురా సామీ, ఆ పిల్లోడు చూసినాడంటే తాళం నీకు దక్కదు!"

గేదె ఈనిందా? నా రెండో దుప్పటి, అమ్మ చేసే గోంగూర పచ్చడి బస్సులో పంపించు. నువ్వు మాత్రం ట్రాక్టరు ఆపకుండా టీకొట్టు దగ్గర కూర్చోబాకు, ఇక్కడ నా పరువు పోతుంది. అమ్మకూ నాయనమ్మకూ నా దండాలు.

నీ కొడుకు
మల్లికార్జున