మంచుగూబ ఆఖరి చుక్క

డిసెంబర్, మంగళవారం

మంచుగూబ ఇవాళ కూడా పరిశోధకుల ఆన్‌లైన్ మ్యాపులో కనిపించలేదు. కెనడాలో దాని వీపుకు పరిశోధకులు కట్టిన ట్రాన్స్‌మిటర్, ఫోన్ టవర్ అందితేనే కబురు పంపుతుంది. వేసవిలో అది టవర్లు లేని ఉత్తర ధ్రువం వైపు వెళ్లింది. పోయిన ఏడాది దీపావళి దాటగానే తిరిగొచ్చింది. ఈసారి మ్యాపులో దాని జాడ చూపే ఆఖరి చుక్క ఓ సరస్సు ఒడ్డునే ఆగిపోయింది. ఆ తెల్లటి రెక్కలను ఒక్కసారి కళ్లారా చూడాలని నాకు ఎన్నేళ్లుగానో ఉంది.

సాయంత్రం పంజాగుట్టలో టీ తాగుతూ ఫోన్ చూస్తుంటే మా పత్రిక ఫొటోగ్రాఫర్ సలీం నవ్వాడు.

"ఏందన్నా, పిల్ల ఫొటో చూసినట్టు చూస్తున్నవ్! గూబ మొహం చూస్తే మంచిది కాదంటరు."

"చచ్చిపోయిందేమో సలీం."

"ఎవరు జెప్పిన్రు? అమీర్‌పేట మెట్రో కింద నా ఫోన్‌కే సిగ్నల్ రాదు. గా మంచుల దానికేడికెళ్లి వస్తది? ఫికర్ జేయకు."

నిజమే. ధ్రువీకరణ లేనిదే చావు వార్త రాయొద్దని కొత్త రిపోర్టర్లకు నేనే చెబుతాను. ధ్రువీకరించుకోవాలంటే అడగాలి కూడా.

ఇంటికొచ్చి, గూబ బతికే ఉందా అని పరిశోధకులకు మెయిల్ రాశాను. పంపలేదు. అడిగితే జవాబు వస్తుంది. ఈ ఉద్యోగంలో నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇదొక్కటే.