స్కాలర్‌షిప్ నిలిచింది, తాతా

తాతకు వినుత నమస్కారం. కంటికట్టు విప్పారని పక్కింటి యశోదమ్మ ఫోనులో చెప్పింది. ఇక నువ్వే చదువుకుంటావని కార్డు రాస్తున్నాను.

నా స్కాలర్‌షిప్ పోలేదు. నీతో ఆసుపత్రిలో ఉండిపోయి హాజరు తగ్గిందని యూనివర్సిటీ కమిటీ నన్ను నిన్న పిలిచింది. కన్నడలో మొదలుపెట్టిన మేడం, మాది బాగేపల్లి అనగానే మన తెలుగులోకి దిగారు. ఆమె ఊరు మన పక్కనే, చింతామణి.

"క్లాసులు వదిలి యాడికి పోయుంటివమ్మా?"

"మా తాతకు కంటి ఆపరేషన్ మేడం. నన్ను సాకింది ఆయనే. తోడుండేకి ఇంకెవురూ లేరు."

ఆమె నా మార్కుల కాగితం తిరగేశారు. "మార్కులు బాగుండాయి. ఆసుపత్రి చీటీ ఇచ్చిపో. ఈ ఏడూ నీకు వస్తాది" అన్నారు. బయటికొచ్చి ఏడ్చేశాను.

నీ వల్లే నా చదువు చెడిందని యశోదమ్మ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నావట. కంట్లో నీళ్ళు పడకూడదని డాక్టరు చెప్పలేదా? చుక్కల మందు వేసుకుంటున్నావా? చెనక్కాయలు పీకేచోట దుమ్ము, అటు పోవద్దు. ఆవుకు మేత నాగరాజ్ మామ వేస్తున్నాడా?

స్కాలర్‌షిప్ ఇచ్చే రోజుకు ఒక పంచె ఉతికించి పెట్టుకో, నేనే వచ్చి నిన్ను ఇక్కడికి తీసుకొస్తాను. అమ్మానాన్నల్లో ఒకరిని పిలవమన్నారు. నీ పేరు రాయించాను.

నీ పాప,
వినుత