నలభై ఆరు పేజీల ఆస్తి

ఢిల్లీ జనక్‌పురిలో కాపురముంటున్న నేను, ఛాయాదేవి, శివరామకృష్ణ గారి భార్యను, వయసు అరవై ఒకటి, వృత్తి కథలు రాయడం, పూర్తి తెలివిలో ఉండి నా ఇష్టం కొద్దీ రాసిపెడుతున్న వీలునామా ఇది. ఎల్లుండి మంగళవారం నాకు పిత్తాశయం తీసేస్తారు. చాలా చిన్న ఆపరేషనని డాక్టరు చెప్పాడు. చెప్పి, ఏమన్నా అయితే తన పూచీ లేదని మూడు చోట్ల సంతకం చేయించుకున్నాడు. అందుకని నేనూ ఒక చోట సంతకం పెట్టుకోవడం న్యాయమనిపించింది. ఈ రాతలో ఎవరి ఒత్తిడీ, ప్రోద్బలమూ లేవు. గడిచిన ఏడేళ్ళలో నేను అలా రాసిన కాగితాలు తక్కువ గనుక ఈ సంగతి ప్రత్యేకంగా నమోదు చేస్తున్నాను.

1. ఇల్లు మా ఆయన పేరున ఉంది. దాని జోలికి పోను. నా సొంతమైన రెండు జతల గాజులు కోడలు ఇషితకు చెందాలి. జైపూర్ పిల్ల అయినా నా కథలు చదవాలని ఫోనులో తెలుగు అక్షరాలు దిద్దుతోంది. ప్రస్తుతం ఒత్తుల దగ్గర తంటాలు పడుతోంది. మా అబ్బాయి సుహాస్‌కు తెలుగు అంతా అర్థమవుతుంది, ఏం చెప్పినా "సమఝ్ గయా, అమ్మా" అంటాడు. అచ్చయిన నా కథల పుస్తకం వాడికి. దాన్ని పెళ్ళాం చదివి వినిపించాలి. తొందరేం లేదు.

2. మా హాలు గోడకున్న టైంటేబులు చార్టుపై సర్వహక్కులూ దాన్ని తయారుచేసిన మా ఆయనకే. ఆయన ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాడు నన్ను పనిలో పెట్టుకున్నారు. చార్టు ప్రకారం ఉదయం తొమ్మిది నుంచి పదింపావు దాకా సృజన. పదింపావుకు ఉప్మా. మధ్యాహ్నం గడువున్న రాతపనులు. సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా ఆనందం. నాలుగూ ముప్ఫై ఒకటికి ఎర్ర పెన్సిలు పట్టుకొచ్చి, "ఆనందం అయిందా, టిక్కు పెట్టనా?" అని అడిగేవారు. మనిషి చెడ్డవారు కారు. ముప్ఫై నాలుగేళ్ళు ఆఫీసులో ఫైళ్ళు కదిలించిన చేయి, ఊరికే ఉండలేకపోయింది.

3. ఆ చార్టు బాధ పడలేకే నేను ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని రీడింగ్ రూములో ముప్ఫై ఏడో నంబరు సీటు తీసుకున్నాను. చుట్టూ సివిల్స్‌కు చదివే పిల్లలు. నేనూ పరీక్షకే చదువుతున్నానని ఓనరు చాలాకాలం నమ్మాడు. "మాతాజీ, ఇంకా ఎన్ని అటెంప్టులున్నాయి?" అని హిందీలో ఎంతో జాలిగా అడిగేవాడు. లెక్క మర్చిపోయానని చెప్పేదాన్ని. ఈ నెలాఖరు దాకా ఆ సీటు నాదే. పక్క సీటు సాయిప్రకాష్ తన పుస్తకాలు అందులో పెట్టుకోవచ్చు. ఎలాగూ పెడుతూనే ఉన్నాడు.

4. నా సీరియల్ వేసే ఫోను యాప్‌లో ఎడిటరు జశ్వంత్‌కు నా వారం వారం భాగానికి గడువైన గురువారం సాయంత్రం ఆరు గంటలను తిరిగి ఇచ్చేస్తున్నాను. ఏడేళ్ళుగా ఆ గడియ అతనిది, నేను వాడుకున్నాను. నా కథానాయిక సాయిసుధ నూట నలభయ్యో భాగంలో అత్తారింటి నుంచి బయటికొచ్చి టిఫిన్ సెంటరు పెట్టాలి. "మేడమ్, టిఫిన్ సెంటరంటే రీడర్స్ వెళ్ళిపోతారు. స్పృహ తప్పించండి" అన్నాడు జశ్వంత్. తప్పించాను. ఆ వారం చదివినవాళ్ళు పెరిగారు. అప్పట్నుంచి ఆ పిల్ల గురువారం గురువారం పడిపోతూనే ఉంది. లేపడానికి నాకు మనసూ రాలేదు, ఓపికా లేదు. మొదట్లో వాక్యం కుదిరితే ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. అది ఎప్పుడు మానేశానో నాకే తెలీదు.

5. ఖమ్మం నుంచి వచ్చిన భవ్యశ్రీది ముప్ఫై ఆరో నంబరు సీటు. మొన్న జూన్‌లో ప్రిలిమ్స్ ఫలితాలు వచ్చాయి. అది ఆమె ఆరోసారి, రూలు ప్రకారం ఆఖరిసారి. లిస్టులో నంబరు లేదు. ఇంటికి ఫోను చెయ్యలేదు, ఏడవలేదు. వచ్చి కూర్చుని పుస్తకం తెరిచి, మధ్యాహ్నమంతా ఒకే పేజీ చూస్తూ కూర్చుంది. ఓదార్చడం నాకు చేతకాదు. అరపేజీ కథ రాసి ఆమె వైపు జరిపాను. హనుమాయమ్మ అనే పెద్దావిడ, పిలవని పెళ్ళిళ్ళకు వెళ్ళి భోంచేసి వస్తుంటుంది. మగపెళ్ళివారు ఆమెను ఆడపెళ్ళివారి చుట్టమనుకుంటారు, ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి చుట్టమనుకుంటారు. భవ్యశ్రీ చదివి, కింద పెన్సిలుతో "తర్వాత?" అని రాసి నాకు తిప్పి ఇచ్చింది.

జశ్వంత్ ఏడేళ్ళుగా నన్ను "ఎప్పుడు?" అనే అడిగాడు. "తర్వాత?" అని ఎవరూ అడిగి ఎరగరు. నేను రాశాను. మర్నాడూ రాశాను. ఒకరోజు హనుమాయమ్మ పెళ్ళికొడుకు మేనత్తనని చెప్పి కట్నకానుకల గొడవ తీర్చేసరికి, ఆ నిశ్శబ్దంలో భవ్యశ్రీ పైకే నవ్వేసింది. ఓనరు గోడకు కాగితం అంటించాడు: ఇక్కడ నవ్వరాదు. గురువారం వచ్చి వెళ్ళిపోయిందని నాకు శుక్రవారం తెలిసింది. తర్వాతి గురువారం తెలిసే వదిలేశాను.

6. యాప్ వాళ్ళు సీరియల్‌ను ఇంకెవరితోనో నా పేరు మీదే రాయించుకున్నారు. ఒప్పందంలో అలాగే ఉందట. నేను చదవకుండా సంతకం పెట్టాను. నాలుగు వారాల్లో సాయిసుధకు జ్ఞాపకశక్తి పోయింది, కవల చెల్లెలు ఊడిపడింది. ఆగస్టులో ఒక ఉదయం మా ఆయన ఫోనులో సీరియల్ చదివి, కళ్ళజోడు తీసి, "ఈమధ్య నీ రాత చిక్కబడింది, ఛాయా. చార్టు పని చేస్తోంది" అన్నారు. ఆ మాటను నేను క్షమించలేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

పోయిన వారం ఆస్పత్రి కాగితాలు నింపుతూ ఆయనకు నిజం చెప్పాను. కాగితాలు సర్ది పక్కన పెట్టారు. "ఆ కవల చెల్లెలు నాకు నిజంగానే నచ్చింది" అన్నారు చివరికి. మర్నాడు పన్నెండున్నరకు బ్లూ లైన్ మెట్రో ఎక్కి, రీడింగ్ రూము మెట్ల దగ్గర పెరుగన్నం డబ్బాతో నిలబడ్డారు. "లోపలికి రానులే. తిని వెళ్ళి రాసుకో" అన్నారు. ఏం రాస్తున్నావని అడగలేదు. పైన చెప్పిన క్షమించకపోవడాన్ని సగానికి తగ్గిస్తున్నాను.

7. ఈ వీలునామా అమలు బాధ్యత కింది అంతస్తు మైథిలిది. తీసుకెళ్ళిన గిన్నెను ఏనాడూ ఖాళీగా తిరిగి ఇవ్వని మనిషి.

8. హనుమాయమ్మ కథ, నలభై ఆరు పేజీలు, చేతిరాత, భవ్యశ్రీకి చెందాలి. సాక్షి సంతకం తానే పెడతానంది, మళ్ళీ సాక్షికి రాసిన ఆస్తి చెల్లదని సెక్షను నంబరుతో సహా తానే చెప్పి తప్పుకుంది. ఇప్పుడు ఆమె కోచింగ్ సెంటరులో పిల్లల జవాబు పత్రాలు దిద్దుతోంది. కథను అచ్చు వేయించాలా, పెట్టెలో దాచుకోవాలా అన్నది ఆమె ఇష్టం. మా ఆయన అడిగితే ఒకసారి చదవనివ్వాలి. ఎర్ర పెన్సిలు దగ్గరుండకూడదు.

కథ పూర్తి కాలేదు. మా పక్కనున్న ద్వారకాలో ఒక పెళ్ళి. ఫోటోగ్రాఫరు హనుమాయమ్మను వేదిక మీదికి పిలిచి వధూవరుల మధ్య నిలబెట్టాడు. ఆమె ఎవరి తరఫు మనిషని రెండువైపుల వాళ్ళూ మొదటిసారి ఒకరినొకరు అడుగుతున్నారు. నిన్న అక్కడ ఆపాను. ఆమెను ఎలా దించాలో నాకు తెలుసు. ఇంటికి రాగానే దించుతాను. నేను రాకపోతే ఎవరూ దించొద్దు. ఆమె అక్కడే నవ్వుతూ నిలబడి ఉండాలి.

జనక్‌పురి, 2025 నవంబరు 9, ఆదివారం.

(సంతకం) ఛాయాదేవి

మా ఎదుట, తన చేత్తో సంతకం చేశారు:
సాక్షి 1: సాయిప్రకాష్, ముప్ఫై ఎనిమిదో నంబరు సీటు, ఓల్డ్ రాజిందర్ నగర్
సాక్షి 2: పెద్దిరాజు, మూడో అంతస్తు, జనక్‌పురి