నాచారం రోడ్డుకు అడ్డంగా ముగ్గు

నాచారం,
4 జూలై 2006

రత్నకుమారి టీచరమ్మగారికి, యూకేజీ నీరజ తాత రాజయ్య నమస్కరించి రాయునది.

ఒక్క చదువు తప్ప మిగతా అంతా క్షేమం. తెల్ల గీతల మీదనే రోడ్డు దాటాలని పిల్లలకు చెప్పారట. మా మెయిన్ రోడ్డు మీద గీతల్లేవు. మూడు రోజులుగా నీరజ బడి ఎదురుగా నిలబడి, "గీతలేవి తాతా? టీచర్ కొడ్తది" అని ఏడుస్తోంది. అక్కడినుంచే బెల్లు విని ఇంటికి తిరిగొస్తున్నాం. ఉపాయం చెప్పగలరు. మీ బడి ఆయా శాంతాబాయి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇట్లు,
రాజయ్య

తా.క.: నిన్న ఎత్తుకుని దాటబోతే భుజం కొరికింది.

5 జూలై

రాజయ్యగారికి నమస్కారం.

నేను కొట్టను. గీతల్లేని చోట పెద్దల చెయ్యి పట్టుకుని, కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు చూసి దాటాలనీ చెప్పాను. ఆ ముక్క ఎగిరిపోయినట్టుంది. మీరే ముగ్గుతో గీతలు వేసి మెల్లగా అలవాటు చేయించండి. సోమవారానికి రాకపోతే పేరు కొట్టేస్తామంటున్నారు పెద్ద టీచర్. నాకు బాధగా ఉంది.

రత్నకుమారి

తా.క.: భుజానికి పసుపు రాయండి.

10 జూలై

టీచరమ్మగారికి,

మీ మాట ప్రకారం మా ఇంటిది మల్లవ్వ పొద్దున్నే మెయిన్ రోడ్డుకు అడ్డంగా ఏడు పట్టీలు వేసింది. ఉప్పల్ నుంచి వచ్చిన లారీ తొక్కుకుంటూ పోయింది. మల్లవ్వకు ఒళ్లు మండి, పట్టీల నడుమ నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది పెట్టింది. అంతే! షేర్ ఆటో ఆగింది, దాని వెనక బస్సు ఆగింది. "ఏ తల్లి ముగ్గో ఏమో, జర ఆగుండ్రి!" అని డ్రైవర్లే ఒకరికొకరు చెప్పుకున్నారు. నీరజ నా చెయ్యి పట్టుకుని కుడి, ఎడమ, కుడి చూసి దర్జాగా దాటింది. నాకు కళ్లనీళ్లొచ్చాయి.

రాజయ్య

తా.క.: ఒకాయన కొబ్బరికాయ కొట్టిపోయాడు. మీకొక చిప్ప పంపుతున్నాను.

11 జూలై

రాజయ్యగారూ!

నీరజ పేరు నిలిచింది, సంతోషం. కానీ నేను వేయమన్నది మీ వాకిట్లో! పిల్లలు బండ్లను చూసి దాటాలి, నిమ్మకాయను చూసి కాదు. వెంటనే ఆపేయండి. నేను మున్సిపాలిటీకి అర్జీ పెట్టాను. శనివారం మనుషులొచ్చి అసలు గీతలు రంగుతో వేస్తారు.

రత్నకుమారి

తా.క.: కొబ్బరి తియ్యగా ఉంది.

21 జూలై

మల్లవ్వగారికి నమస్కారం. (రాజయ్యగారు చదివి వినిపించగలరు.)

రంగు గీతలు వేసి ఆరు రోజులైంది. చూడముచ్చటగా ఉన్నాయి. ఒక్క బండీ ఆగడం లేదు. ఇవాళ బడి వదిలాక ఇరవైమంది పిల్లలతో కుడి, ఎడమ, కుడి చూస్తూ అరగంట నిలబడ్డాను. మెడ పట్టేసింది. మీ నీరజ నా కొంగు లాగి, "టీచర్, నాయనమ్మను పిలుద్దమా?" అంది.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. రేపు నాలుగింటికి ముగ్గు డబ్బాతో రండి.

మీ
రత్నకుమారి

తా.క.: నిమ్మకాయలు నేను తెస్తాను. పెద్దవే.