నెత్తిన పెట్టుకున్న చెయ్యి

నా ప్రసంగాలకు అడ్డుపడే ఏకైక విశ్వాసికి, నా ఇంటిదానికి ప్రేమతో,

మీ చెల్లెలి విరిగిన కాలు అతుక్కుంటోందని తెలిసి మోకరించాను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటంటావు. ఫోన్‌లో నువ్వు "గొంతు అలా ఉందేం?" అంటావు, నేను "ఏం లేదే" అంటాను. కాగితం మీద అబద్ధం రాయడం నాకింకా చేతకాలేదు.

నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకే పట్టుకుంది. మెడ కుడిపక్క మొదలై, భుజం మీదుగా దిగి, బొటనవేలు, చూపుడువేలు దాకా కరెంటు తగిలినట్టు ఝుమ్మంటోంది. నా సంగతి తెలుసుగా, పగలంతా తల వెనక్కి వాల్చి జనాల ఇళ్ళ పైకప్పులకు రంగులెయ్యడం, సాయంత్రం సంఘంలో అదే తల వెనక్కి వాల్చి పరలోకం వైపు చూస్తూ గర్జించడం. తల ఎత్తితే చాలు పొడుస్తోంది. ఆ రెండు వేళ్ళూ మొద్దుబారి నావి కానట్టున్నాయి. మొన్న రోలరు జారి ఇంటావిడ సోఫా మీద పడింది. "సోఫాక్కూడా రంగెయ్యమన్నానా మేస్త్రీ?" అంది. నవ్వబోయాను. నవ్వు కూడా మెడలోనే గుచ్చుకుంది.

అయితే విను! సంఘం కూడికలో నొప్పి ఓర్చుకోలేక కుడి చెయ్యెత్తి నెత్తిన పెట్టుకున్నాను. తీగ కోసేసినట్టు ఆగిపోయింది! దించితే వచ్చింది, ఎత్తితే పోయింది. యుద్ధంలో ఆ ముసలి నాయకుడు చెయ్యెత్తినంతసేపూ తనవాళ్ళు గెలిచారనీ, దించితే ఓడారనీ వాక్యం తీసి ఎన్నేళ్ళు బోధించాను! ఆ వాక్యం నా ఒంట్లోకే దిగివచ్చిందనుకున్నాను. అక్కడే లేచి చాటేశాను. స్వస్థత మొదలైంది, మందుబిళ్ళ ముట్టను, వైద్యుల గడప తొక్కను అని. మన సంఘం పద్ధతి నీకు తెలుసు, సాక్ష్యం చాటినవాడు వచ్చే పెద్ద కూడికలో చేసి చూపించాలి. ప్రసంగపు బల్ల మీదున్న ఆ పెద్ద గ్రంథాన్ని కుడి చేత్తో తలపైకెత్తి, ప్రసంగం అయ్యేదాకా దించనన్నాను.

నువ్వేమంటావో నాకు తెలుసు. అనకు. మీ అన్నయ్య కాంపౌండరు కదా, ఆయనకసలు చెప్పకు.

నీ మొండిమెడ

*

కోపంలోనూ నన్ను వదులుకోలేనిదానా,

"అక్షరాలు పక్కలకి దొర్లిపోతున్నాయి, బాగైన చెయ్యి ఇలా రాస్తుందా?" అని అడిగావు. నీ దగ్గర ఏదీ దాగదు. ఆ గ్రంథం ఇంటికి తెచ్చుకుని, గదిలో తలుపేసుకుని ఎత్తి చూశాను. భుజం దాకా వెళ్ళి వేళ్ళు విడిచిపెట్టేశాయి. చప్పుడుకు కింది వాటావాళ్ళు కర్రతో కప్పు మీద కొట్టారు. పరిశుద్ధమైనదాన్ని నేలపాలు చేశానని ఏడ్చాను. విశ్వాసం చాలలేదనుకుని ఉపవాసముండి మళ్ళీ ఎత్తాను. మళ్ళీ పడింది.

కూర్చోలేను, పడుకోలేను. కూడిక దగ్గరపడుతోంది. నన్ను చూసి సగం మంది నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటున్నారు. పడిపోయే మనిషిని చూసి వీళ్ళు నడక నేర్చుకుంటున్నారే అని లోపల ఒకటే కాలిపోతోంది.

ఇవాళ బట్టలు కుట్టే గుండీలక్క వచ్చింది. చీర మీద తొడుక్కున్న చొక్కాకు గుండీలు ఒకటికొకటి తప్పు పెట్టుకుంది.

"ఏమక్కా, అందరి గుండీలూ కుట్టేదానివి, నీవే వంకరపోయాయేం?" అని ఎగతాళి చేశాను.

"వేళ్ళు మాట వినట్లేదన్నయ్యా. రెండు చేతులూ. నడుస్తుంటే కాళ్ళూ తూలుతున్నాయి."

"డాక్టరుకి చూపించావా?"

"డాక్టరమ్మ మెడ స్కానింగ్ తీయించుకోమంది. వెళ్ళలేదు. మీరు చెప్పారుగా! రెండు పూటలా నెత్తిన చెయ్యి పెట్టుకుంటున్నాను. మీకు తగ్గిందిగా, నాకూ తగ్గుతుందిలెండి."

తగ్గిందా అని ఆమె అడగలేదు. తగ్గిందనే నమ్మింది. పొద్దున్నే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తాను. తోడుగా మాత్రమే. నేను గడప బయటే నిలబడతాను.

నీ మొండిమెడ

*

నా ఇంటి దిక్కుకి,

గడప బయట నిలబడలేకపోయాను. లోపలికి అడుగేస్తూ అక్క తూలింది. పట్టుకున్నాను. ఆ ఊపులో నేనూ గడప దాటేశాను.

డాక్టరమ్మ అక్కను నడిపించి చూసింది, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టింది. ముఖం మారిపోయింది. "మెడలో నరం కాదు, వెన్నుపామే నొక్కుకుంటున్నట్టుంది. ఆగే పని కాదు" అని వెంటనే పెద్దాసుపత్రికి ఫోన్ చేసింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమండీ, ఆ చెయ్యి నెత్తి మీద ఎన్నాళ్ళ నుంచి?"

అలా పెట్టుకున్నానని నాకే తెలియలేదు. "ఇది దేవుడిచ్చిన గురుతమ్మా" అన్నాను.

"కాదని నేనన్లేదు. చెయ్యి పైన పెడితే నొక్కుకున్న నరం మీద లాగుడు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది. నరం నొక్కుకుందని చెప్పే గురుతది. బాగైందని కాదు. గురుతు సరిగ్గానే వచ్చింది, మీరే తప్పు చదువుకున్నారు."

గ్రంథం తప్పు చదివావని నన్నింతవరకూ ఎవరూ అనలేదు. నా తల వెనక్కి, కుడిపక్కకి మెల్లగా వంచింది. బొటనవేలి దాకా మెరుపు కొట్టింది. పిడికిలి పట్టు చూసి పెదవి విరిచింది. కొన్నాళ్ళు పైకప్పు పని మానమంది. ఆ తర్వాతైనా పొడుగు కర్ర రోలరుతో దూరంగా నిలబడి వెయ్యాలట, మధ్యమధ్య దిగి మెడకు విశ్రాంతినివ్వాలట. ఎత్తు దిండ్లు తీసేయమంది, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించొద్దంది. మందులు రాసి, వ్యాయామం నేర్పేవాళ్ళ దగ్గరికి పంపింది. "చాలామందికి కత్తి అవసరం లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ పట్టు ఇంకా సడలినా, రెండో చేతికి పాకినా, కాళ్ళు తూలినా, మూత్రం అదుపు తప్పినా, ప్రార్థన ముగిసేదాకా కూడా ఆగొద్దు" అంది.

నిన్న పెద్ద కూడిక. గ్రంథం బల్ల మీద ఉంది. "ఎత్తండన్నయ్యా!" అని అరిచారు.

"ఎత్తలేను" అన్నాను.

ఆ వాక్యమే మళ్ళీ తీశాను. ఆ నాయకుడి చేతులు బరువెక్కాయని అక్కడే ఉంది. రాయి తెచ్చి కూర్చోబెట్టారని ఉంది. ఇద్దరు చెరోపక్కా పట్టుకున్నారనీ ఉంది. ఇన్నేళ్ళూ ఆ రాయి దగ్గరికి రాకముందే నా గొంతు పైకి లేచిపోయేది! "నా చెయ్యి బాగవలేదు. మందు వేసుకుంటున్నాను. నా మాట విని వైద్యం మానినవాళ్ళు రేపే వెళ్ళండి" అని గర్జించాను. తల మాత్రం వెనక్కి వాల్చలేదు. కొందరు లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ బల్ల దగ్గరికి రానిస్తారో లేదో తెలియదు. ఎప్పుడూ వెనక వరసలో ఆవలించే రొట్టెల దుకాణం ముసలాయన మాత్రం కుర్చీ మోసుకొచ్చి నా వెనక వేశాడు. "కూర్చుని చెప్పు బాబూ, మాకూ చెవులు దక్కుతాయి" అన్నాడు.

కూడికకు ముందే అక్కకు ఆపరేషన్ అయింది. అడుగు కాస్త నిలదొక్కుకుంది. వేళ్ళు ఎంతవరకు తిరిగొస్తాయో చెప్పలేమన్నారు. ఇవాళ సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను.

"గ్రంథం ఎత్తారా అన్నయ్యా?"

"లేదక్కా. కూర్చున్నాను."

ఆమె నవ్వలేదు. "ఆ కూర్చునేదేదో ముందే కూర్చోవలసింది" అని గోడ వైపు తిరిగింది.

మీ చెల్లెలు లేచి నడుస్తోందన్నావు కదా, వచ్చెయ్. నాకోసం కాదు. రేపో ఎల్లుండో అక్కను ఇంటికి పంపిస్తారు. ఆమెకు ఎవరూ లేరు. కూరలు తరగడం, నీళ్ళు పట్టడం నా ఎడమ చెయ్యి నేర్చుకుంటోంది. గుండీలు పెట్టడానికి మాత్రం ఆడమనిషి కావాలి.

నీ మొండిమెడ,
డాక్టరమ్మ చెప్పినంత మేరకే తిప్పుకుంటూ