గుండెలో తమిళనాడు

ఒరే జడ్సన్,

బిట్రగుంటలో నీ ట్యూషన్ పిల్లోళ్ళు, ఇంట్లో అబిగయీలు చెల్లెమ్మ బాగుండారనుకుంటా. ఫోన్ చెయ్యకుండా కాయితం ఎందుకు రాస్తన్నాడా అనుకోబాక. ఫోన్‌లో నా గొంతు వింటేనే నవ్వడం నీకు అలవాటు. ఈసారి నవ్వితే నేను తట్టుకోలేను.

పోయిన వారం ఒడ్డున వలలు బాగుచేస్తా మా ఇంటిది పోలేరమ్మ కళ్ళు తిరిగి ఇసకలో కూలబడింది. నాయుడుపేటలో ఒక ఆస్పత్రికి తీసకపోయినాను. డాక్టరు అంతా చూసి, ఏం లేదు, వేళకి తిండి తినమ్మా అని నవ్వినాడు. ఆ నవ్వు నాకు తెలీదా? పోలేరమ్మ చెప్పులో ఎండ్రకాయ పెట్టి, ఏమీ ఎరగనట్టు నేను నవ్వే నవ్వే అది. బయటికొచ్చి రిపోర్టు చూసినాను. హార్ట్ ఎన్.ఏ.డి. లంగ్స్ ఎన్.ఏ.డి. కడుపు దగ్గరా అదే. కూడబలుక్కుంటే నాడ్ అని వచ్చింది. డాక్టరు మద్రాసు వైపు మనిషి గదా, తమిళనాడుని పొట్టి చేసి రాసినాడేమో అనుకున్నా. మరి మా ఆడదాని గుండెలో తమిళనాడు ఎందుకుంటదిరా? ఇదేదో జబ్బు. గుండెలో మొదలై కడుపు దాకా పాకింది. ఏమీ లేకపోతే ఇంగ్లీషులో నో అని రాస్తారు, ఏడో తరగతి దాకా పోయినోడిని, ఆ మాత్రం నాకు తెలుసు. కాయితం అంతా వెతికినాను. నో ఎక్కడా లేదు.

ఆమెకి చెప్పలా. ధైర్యం లేదు. నీళ్ళు నేనే మోస్తన్నా, చేపలు నేనే తోమతన్నా. ఆమె నా వైపు చూస్తే వల చిక్కు విప్పతన్నట్టు తల దించుకుంటన్నా. పెళ్ళయిన కాడినుంచి ఆమెని ఉడికించడం తప్ప ఇంకో పని చేతకాలా నాకు. ఆమె లేకపోతే ఎవర్ని ఉడికించాలిరా?

నీ పెళ్ళిలో నీకు చెవుడని పెళ్ళికూతురు వాళ్ళకి చెప్పి, పాస్టరుగారి చేత కూడా నీ చెవిలో అరిపించినాను. ఆ పగ ఇక్కడ తీర్చుకోబాక. ఇంగ్లీషు చెప్పేవోడివి, ఆ మూడక్షరాల అర్థం ఉన్నది ఉన్నట్టు రాయి.

జవాబు కోసం ఎదురుచూస్తా,
నీ చెంచయ్య

*

చెంచయ్యా,

ఫోన్ చేస్తే నమ్మవని, సంతకం పెట్టి రాస్తున్నాను. పగ ఇంకో రోజు తీర్చుకుంటాలే.

ఎన్.ఏ.డి. అంటే నో అబ్నార్మాలిటీ డిటెక్టెడ్. తేడా ఏదీ కనపడలేదని. డాక్టర్లు వాక్యం పూర్తిగా రాయరు. లంగ్స్ ఎన్.ఏ.డి. అంటే ఊపిరితిత్తుల్లో ఎన్.ఏ.డి. ఉందని కాదురా, ఊపిరితిత్తులు చూశాను, బాగున్నాయి అని. నువ్వు వెతికిన నో ఆ మొదటి అక్షరంలోనే ఉంది.

ఇంకో సంగతి. నీ ఉత్తరం వచ్చిన రోజే పోలేరమ్మ చెల్లెమ్మ ఫోన్ చేసింది. "అన్నా, ఆయన వారం నుంచి ఒక్క అబద్ధం చెప్పలా. ఏదో పెద్ద జబ్బే వచ్చుంటది, నా దగ్గర దాస్తన్నాడు" అని ఏడ్చింది. ఏం లేదమ్మా అంటే నమ్మలేదు, నీ స్నేహితుణ్ణి గదా. అన్నం సయించడం లేదంట. వేళకి తినమన్న మనిషిని నువ్వే పస్తు పెడుతున్నావు. పోయి చెప్పు.

జడ్సన్

*

ఒరే జడ్సన్,

నీ ఉత్తరం చదివి కూడా నమ్మలా. నాయుడుపేట ఆస్పత్రికి పోయి నర్సమ్మకి రిపోర్టు చూపిస్తే, ఆమె నవ్వినాక నమ్మినాను. ఇంటికొచ్చేసరికి పోలేరమ్మ గడపలో కూర్చోనుంది. "నీకేం జబ్బో ఇప్పుడన్నా చెప్పు" అన్నింది.

పాత బుద్ధి ఆగలేదురా. తల వంచుకుని, "ఎన్.ఏ.డి." అన్నాను.

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఇన్నాళ్ళూ నా మొహం ఎట్టుండిందో అప్పుడు తెలిసింది. వేళాకోళం మధ్యలో ఆపడం నాకు అలవాటు లేదు. ఆపేసి, ఆమె కాళ్ళ దగ్గర కూలబడి అంతా చెప్పినాను. తిట్టలా, కొట్టలా. లోపలికి పోయి అన్నం పెట్టుకుని తినింది. నా కంచంలో పెద్ద చేప ముక్క వేసింది. నాకు మళ్ళీ భయమేసింది.

ఈ పొద్దున ఒడ్డుకి పోదామని చెప్పులో కాలు పెట్టినాను. లోపల ఎండ్రకాయ. నేను పెట్టింది కాదు. వేలు వాచి చెప్పు పట్టడం లేదు, నీకు రాయడానికి తీరిక అందుకే దొరికింది. వంటింట్లోంచి నవ్వు వినపడతా ఉంది.

బొటనవేలు తప్ప అంతా ఎన్.ఏ.డి.,
నీ చెంచయ్య