వేపచెట్టుకు వేలిముద్ర

ఎమ్మిగనూరు, 4-3-1980

ఆదోని, వృక్ష అనుమతుల విభాగం గుమాస్తా శ్రీ వెంకటేశులు గారికి, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు భీమసేనరావు నమస్కరించి వ్రాసుకొనునది.

మా పెరట్లో ఒక వేపచెట్టు ఉంది. సొంత చెట్టయినా కొట్టాలంటే మీ అనుమతి కావాలని తెలిసింది. మా అమ్మ కామాక్షమ్మగారు మడి మనిషి. ఆమె మడి చీర ఆరేసే దండెం ఆ చెట్టు కిందే ఉంది. చెట్టు నిండా కాకులు. రెట్ట పడితే చీర మైల. మళ్ళీ చీర తడపాలి, మళ్ళీ ఆమె స్నానం చేయాలి. డెబ్బై రెండేళ్ల మనిషి, మొన్న ఒక్క పూటలో మూడు స్నానాలు చేసి జ్వరం తెచ్చుకుంది. దండెం మార్చి చూశాం. కాకులూ మారాయి. కనుక చెట్టు తీయించడానికి అనుమతి ఇప్పించగలరు.

విధేయుడు,
భీమసేనరావు

తా.క. కాకులను తోలడానికి అమ్మ నన్ను నిలబెట్టాలని చూస్తోంది. బడికి వేళయిందని తప్పించుకుంటున్నాను.

*

ఆదోని, 17-3-1980

శ్రీ భీమసేనరావు గారికి,

మీ దరఖాస్తు అందినది. చెట్టు కొట్టడానికి తగిన కారణాలు మా జాబితాలో నాలుగు ఉన్నాయి. వాటిలో మడి లేదు. ప్రాణాపాయం ఉంది. చెట్టు వల్ల తమకు ప్రాణాపాయం ఉన్నదని పొరుగువారు ఒకరు వాంగ్మూలం ఇచ్చినచో పరిశీలించగలము. కొట్టబోయే చెట్టుకు బదులుగా అదే స్థలంలో రెండు మొక్కలు ముందే నాటి, చిగురు వేసినట్లు చూపవలెను.

ఇట్లు,
వెంకటేశులు

తా.క. కాకులు మా విభాగం పరిధిలోకి రావు.

*

ఎమ్మిగనూరు, 25-3-1980

శ్రీ వెంకటేశులు గారికి నమస్కారాలు.

మొదటి ఉత్తరంలో అసలు సంగతి రాయడం మరిచాను. చెట్టు చాలా ప్రమాదంగా ఉంది. మా పక్కింటి నేతపని లక్ష్మప్ప గోడ దాటి వచ్చిన కొమ్మల నీడన, సందులో పడుగు నూలు సాగదీసి గంజి పెట్టుకుంటాడు. చెట్టు ఎప్పుడు మీద పడుతుందోనని అతనికి ప్రాణభయం. అతనికి చదువు రాదు కనుక వాంగ్మూలం నేనే రాశాను. కింద వేలిముద్ర అతనిదే. దానిమ్మ మొక్కలు రెండు నాటాను.

విధేయుడు,
భీమసేనరావు

తా.క. ముద్ర కొంచెం అలుక్కుపోయింది. పని మధ్యలో పిలిస్తే గంజి చేత్తోనే వచ్చి వేశాడు.

*

ఆదోని, 8-4-1980

ఎమ్మిగనూరు, నేతపని శ్రీ లక్ష్మప్ప గారికి,

మీ ప్రాణభయం మా దృష్టికి వచ్చినది. మా తనిఖీదారు సెలవులో ఉన్నందున చెట్టును జూన్ ఆఖరుకు గానీ చూడలేరు. అంతవరకు మీ క్షేమం కోరి, ఆ చెట్టు కింద మీరు పడుగు పరచడం నిషేధించడమైనది. మీరినచో చర్య తీసుకొనబడును.

ఇట్లు,
వెంకటేశులు

తా.క. ఆ దారిన నడవక తప్పనప్పుడు వేగంగా నడవగలరు.

*

ఎమ్మిగనూరు, 14-4-1980

వెంకటేశులు గారికి,

ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులుగా సిగ్గుపడుతున్నాను. మీ నోటీసును లక్ష్మప్ప నా దగ్గరికే తెచ్చాడు. "ఏం రాసినారో సూడు అయ్యవారూ" అని ఎదురుగా కూర్చున్నాడు. నందవరంలో ఉన్న అతని కూతురు ఉచ్చీరమ్మ పంపే జాబులు పన్నెండేళ్లుగా నేనే చదువుతున్నాను, జవాబులు నేనే రాస్తున్నాను. ఒక్క అక్షరం మార్చింది లేదు. ఆ రోజు మాత్రం, ఎండాకాలం కదా, నీడన పనిచేసుకొమ్మని దొరలు రాశారప్పా అని చదివాను. తలాడించి వెళ్ళాడు. మర్నాడు నిశ్చింతగా అక్కడే పడుగు వేశాడు.

నిజం చెబుతున్నాను. ప్రాణభయం నేను కల్పించినది. వాంగ్మూలంలో ఏముందో అతనికి చెప్పలేదు. చెట్టు సంగతి అని మాత్రం చెప్పి ముద్ర వెయ్యమన్నాను, వేశాడు. ఎండ తగిలితే గంజి గబగబా ఆరి నూలు తెగుతుంది. ఆ నీడ పోతే అతని పని పోతుందని నాకు తెలుసు. తెలిసే చేశాను. పిల్లలకు నీతులు రాసిచ్చే చేత్తోనే చేశాను. నా దరఖాస్తు కొట్టేసి, నోటీసు వెనక్కి తీసుకోండి. శిక్ష ఏదైనా నాకు వేయండి. అతనికి మాత్రం ఈ సంగతి చెప్పకండి. ఆ సందులో నేను తలెత్తుకు నడవలేను.

అపరాధి,
భీమసేనరావు

తా.క. చెట్టు దిట్టంగా ఉంది. నిన్న స్వయంగా ఎక్కి చూశాను. దిగలేకపోతే లక్ష్మప్పే నిచ్చెన తెచ్చాడు.

*

ఆదోని, 24-4-1980

శ్రీ భీమసేనరావు గారికి,

మీ పశ్చాత్తాపాన్ని ఫైలులో చేర్చడమైనది. అయితే వాంగ్మూలం ఎవరు వ్రాసినా, నిబంధన ప్రకారం ముద్ర వేసినవారే చెప్పినవారు. కనుక తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకూ, నిషేధం మీరి పడుగు పరచినందుకూ (ఇది మీ ఉత్తరం వల్లనే తెలిసినది) లక్ష్మప్పను సంజాయిషీ కోరుతూ వేరుగా నోటీసు పంపినాము. పది రోజులలో జవాబు రానిచో అతను ఆ సందు వాడుకోవడం శాశ్వతంగా ఆపబడును.

ఇట్లు,
వెంకటేశులు

తా.క. ఆ నోటీసును కూడా మీరే అతనికి చదివి వినిపించగలరు. ఈసారి ఉన్నది ఉన్నట్లుగా.

*

ఎమ్మిగనూరు, 1-5-1980

వెంకటేశులు సారుకు మగ్గాల లక్ష్మప్ప దండాలు.

ఈ జాబు నేనే రాసినాను. ఆరు నెలలుగా వయోజన బడికి పోతాండాను. ముసలితనంలో ఇదేం పిచ్చి అని జనం నవ్వుతారని ఎవురికీ సెప్పలేదు. అయ్యవారికీ సెప్పలేదు. ఉచ్చీరమ్మ జాబులు తీసకపోతే ఆయప్ప సదివే తీరు బాగుంటుంది. అది పోగొట్టుకోబుద్ధి కాలేదు.

వాంగ్మూలం నేను సదివే ముద్ర యేసినా. సెట్టు నా మీద పడుతుందని ఉన్నింది. నవ్వొచ్చింది. సంతకం సేద్దునే, సేస్తే నాకు సదువు వచ్చునని తెలిసిపోతుంది. ఆ కాగితం నా ముందర పెట్టినందుకు ఆయప్ప తల యాడ పెట్టుకుంటాడు? పెద్దమ్మగారు జరంతో వణుకుతా స్నానం సేసేది గోడ ఇవతల నుంచి నేనూ సూస్తాండాను. నీడ పోతే పందిరి యేసుకుంటాం. ఆ తల్లి పోతే యాడ తెస్తాం?

మొదటి నోటీసు ఈడనే సదువుకోని తీసకపోయినా. అయ్యవారు దాంట్లో లేనిదంతా సదివినాడు. సొక్కా తడిసిపోయింది పాపం. ఆ మాట నమ్మినట్టే మర్నాడు ఆడనే పడుగు యేసినా. ఆయప్పను మళ్ళా అట్ల సూడలేకనే రెండోది తీసకపోలేదు. తెలిసి యేసిన ముద్ర, తప్పు నాది. ఆయప్పను ఏమీ అనొద్దండి.

ఇట్లు,
లక్ష్మప్ప (సంతకం)

తా.క. నాకు సదువు వచ్చిందని, ఈ జాబు రాసినానని అయ్యవారికి తెలియనీయొద్దండి సారూ. సిగ్గుతో సచ్చిపోతాడు.

(కార్యాలయం వారి వ్రాత: ఉభయులూ తప్పు ఒప్పుకొన్నందున ఫైలు మూసివేయడమైనది. నిబంధన ప్రకారం పై జాబు పూర్తి నకలు దరఖాస్తుదారు శ్రీ భీమసేనరావు గారికి పంపడమైనది. — వెంకటేశులు)